ముప్పై ఒకటో సీసా

ఆర్ అనే కంప్యూటర్ భాషను ఎవరైనా తిడితే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టాలంటే నేను తిట్టాలి. గణాంకాల లెక్కలు వేయడానికే పుట్టిన ఆ భాషతో పన్నెండేళ్ళుగా కాపురం చేస్తున్నాను, దాని గుణాలన్నీ నాకు తెలుసు.

పేరు చూస్తే ఒక్క అక్షరం, వేషాలు చూస్తే వెయ్యి. తోటి భాషలు చాలావరకు సున్నా నుంచి లెక్క మొదలుపెడితే ఇది ఒకటి నుంచి మొదలుపెడుతుంది. అంకెల వరుసలో ఎక్కడో ఒక్క గడిలో 'ఎండిపోయింది' అని మాట రాసి ఉంటే చాలు, మిగతా అంకెలన్నీ కూడా మాటలేనని మొండికేస్తుంది. తెలియని విలువ ఉన్నచోట ఎన్.ఏ. అని రాసుకుంటుంది. ఈ ఎన్.ఏ., ఆ ఎన్.ఏ. రెండూ ఒకటేనా అని అడిగితే అవుననదు, కాదనదు, మళ్ళీ ఎన్.ఏ. అనే అంటుంది. నాకు ఆ జవాబు భలే ఇష్టం. తెలియనిదాన్ని తెలియదని చెప్పే మనిషిని మా ఆఫీసులో ఒక్కర్ని కూడా చూడలేదు, నాతో సహా.

మా ఆఫీసు నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద, మూడు కిరాయి గదులు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది సంగతి ఇది. పైపుల్లో కృష్ణ నీళ్ళు ఇంకా ఊళ్ళకు రాలేదు. హైదరాబాదు ట్రస్టు ఒకటి పన్నెండు ఊళ్ళకు నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు పెడతామంది. ఏ పన్నెండు ఊళ్ళో తేల్చే పని మాది. నలభై ఎనిమిది ఊళ్ళ నీళ్ళు పట్టి, పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎక్కడ ఎక్కువుందో లెక్కగట్టి చెప్పాలి. లెక్క నాది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు, పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టి గణాంకశాస్త్రంలో పీజీ చేసినదాన్ని. నేల మీద నడిచేదాన్ని కాదనుకోండి.

నీళ్ళు పట్టుకొచ్చింది లింగస్వామి. కట్టంగూరు పక్కన గుండ్లబాయి అనే చిన్న ఊరు అతనిది. ఎకరన్నర పత్తి చేను పెట్టుకుని మా దగ్గర ఫీల్డు పని చేసేవాడు. కూల్‌డ్రింకు సీసాలు పెట్టే డబ్బాలు రెండు బండి వెనక కట్టుకుని, ఒక్కో డబ్బాలో ఇరవై నాలుగు సీసాలు, ప్రతి సీసా మీద వరుస నంబరు వేసి, పదహారు రోజులు తిరిగి నలభై ఎనిమిదీ నింపాడు. ఏడో సీసా కృష్ణ ఒడ్డున డ్యాం పక్కనున్న నందికొండ కాలనీ నల్లా. ముప్పై ఒకటోది వాళ్ళ గుండ్లబాయి బోరు.

జాబితా తయారై ట్రస్టుకు వెళ్ళిన రోజు, శుక్రవారం, లింగస్వామి నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో అరలీటరు నీళ్ళ సీసా ఉంది.

"మేడం, పన్నెండు ఊర్లల్ల మా ఊరు లేదంటున్నరు."

"లేదన్నా. మీ బోరుల ఫ్లోరైడ్ పాయింట్ నాలుగే. ఒకటిన్నర దాటితేనే ఫికర్ చెయ్యాలె. మీ నీళ్ళు మంచిగున్నయ్."

"మంచిగెట్లుంటయ్ మేడం? మా అమ్మ గోవిందమ్మకు యాభై రెండేండ్లు. మెడ ఎత్తరాదు, నడుమొంగి నేలను సూసుకుంట నడుస్తది. మా వాడకట్టుల పండ్లు తెల్లగున్నోడు ఒక్కడు లేడు."

"అది పాత బోరు నీళ్ళదై ఉంటది. ఇప్పటి లెక్క ఇది."

"బోరు మారలేదు మేడం. జర ఇంకోసారి సూడుండ్రి. నా బిడ్డ మనీషకు మూడేండ్లు నిండినయ్. ఇన్నొద్దులు తొమ్మిది కిలోమీటర్లు పోయి దానికొక్కదానికి క్యాన్ల నీళ్ళు తెచ్చిపోసిన. వచ్చే నెల అంగన్‌వాడీకి పోతది. ఆడ పోరగాండ్లందరికి గా బోరు నీళ్ళే తాపుతరు. యంత్రం వస్తదని నేను ఆశపడ్డ."

అప్పుడు నేను నోరు మూసుకుని ఒక్కసారి తెర వైపు తిరిగి చూసి ఉంటే ఈ కథే లేదు. నాకు కోపం వచ్చింది. నా లెక్కను ముప్పై ఏళ్ళ రైతు, అదీ సీసాలు మోసే మనిషి, తప్పంటాడా!

"అన్నా, మనుషులు తమ ఊరి మీద ప్రేమతో ఏమన్నా అంటరు. లెక్కకు ఊరుండదు," అన్నాను. ఆ మాట ఎంత గొప్పగా ఉందో అని నాకు నేనే మురిసిపోయాను కూడా.

లింగస్వామి సీసా బల్ల మీద పెట్టాడు. "మా బోరు నీళ్ళే. మంచిగున్నయంటే తాగుండ్రి."

నా పంతం నాది. మూత తీసి, గడగడా మొత్తం తాగేసి, ఖాళీ సీసా అతని ముందు పెట్టాను. నీళ్ళు చప్పగా, నాలుకకు సున్నం తగిలినట్టున్నాయి.

అతను గెలిచినట్టూ లేడు, ఓడినట్టూ లేడు. సీసా తీసుకుని, "ఒక్క సీసాకు ఏం గాదు తియ్యుండ్రి. మా అమ్మ పుట్టినకాన్నుంచి తాగింది," అని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున నేను పోచంపల్లిలో మా ఇంట్లో ఉన్నాను. మా బాపు వెంకటనర్సు చిటికి కడుతున్నాడు. చిటికి కట్టడమంటే, నేయకముందే నూలు మీద డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో ముళ్ళు వేయడం. ముడి ఉన్నచోట రంగు అంటదు, లేనిచోట అంటుతుంది. నేసేటప్పుడు ఆ చుక్కలన్నీ వచ్చి చేరి పువ్వో చిలుకో అవుతాయి. గోడకు గ్రాఫు కాగితం, చేతిలో బ్లేడు, ఒడిలో రబ్బరు ముక్కలు, మా బాపు నలభై ఏళ్ళుగా ఇదే కూర్చోవడం.

నా సంచిలో మా రిపోర్టు అట్ట మీదకు వెళ్ళే బొమ్మ ఉంది. నలభై ఎనిమిది సీసాలు వరుసగా, ఒక్కో సీసాకు ఒక్కో నిలువు గీత, ఫ్లోరైడ్ ఎక్కువుంటే గీత పొడుగు. నీలం రంగు కూడా నేనే ఏరుకుని పెట్టాను. బాపుకు చూపించకుండా ఉండగలనా?

"బాపు, గిది సూడు. నలభై ఎనిమిది ఊర్ల నీళ్ళు. మొత్తం నేనే చేసిన."

బాపు చేతులు లుంగీకి తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. కింద రాసిన ఊళ్ళ పేర్లు చదవలేదు. కాగితాన్ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, మళ్ళీ దూరంగా పట్టి చూశాడు.

"ఎవలు కట్టిన్రు బిడ్డా గిది?"

"కట్టుడేంది బాపు? కంప్యూటర్ గీసింది."

"అయితే నీ కంప్యూటర్‌కు పని ఎగ్గొట్టుడు మంచిగొచ్చు," అని, నేను అయ్యో అనేలోపే బ్లేడుతో నా బొమ్మను సరిగ్గా నడిమికి కోసేశాడు. రెండు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టాడు. "సూడు."

చూశాను. గీత మీద గీత కూర్చుంది. పొడుగు మీద పొడుగు, పొట్టి మీద పొట్టి. ఒక్కటంటే ఒక్క గీత కూడా బయటకు రాలేదు.

"నూలు రెండు వరుసలు ఒకదాని మీదొకటి వేసి ఒక్కటే ముడి కడితే, ఇప్పినంక రెండు దిక్కుల ఒకటే పువ్వు పడ్తది. పని సగం తప్పుతది. చీరెకు గది అందమే," అన్నాడు బాపు. "నీళ్ళకు ఎట్లైతది బిడ్డా? నలభై ఎనిమిది ఊర్లల్ల ఒక్క జత కలిసిందంటే నమ్ముత. అన్ని జతలు కలిసినయంటే, ఎవలో సగమే కట్టిన్రన్నట్టు."

"గట్ల కాదు బాపు, అది ఇత్తేఫాక్..." అని మొదలుపెట్టి ఆపేశాను. ఇరవై నాలుగు కాకతాళీయాలు ఒకేసారి పడతాయా? గణాంకశాస్త్రం చదువుకున్నదాన్ని నేను.

లాప్‌టాప్ తెరిచి ఒక్క ప్రశ్న వేశాను. ఊళ్ళ పేర్లు ఎన్ని? నలభై ఎనిమిది. ఫ్లోరైడ్ అంకెలు ఎన్ని చదివావు? ఇరవై నాలుగు.

ఆర్‌కు ఒక గుణముంది. నలభై ఎనిమిది గడుల పట్టికలో పెట్టమని ఇరవై నాలుగు అంకెలు చేతికిస్తే, అవి అయిపోయిన చోట మళ్ళీ మొదటి అంకె నుంచి అందుకుని నింపుకుంటూ పోతుంది. ఇరవై మూడు ఇచ్చి ఉంటే అతకడం లేదని గోల చేసి ఆగిపోయేది. సరిగ్గా సగం ఇచ్చాను కాబట్టి, అతికింది కాబట్టి, నోరు మెదపలేదు. కొంచెం తప్పు చేస్తే అరిచి, నిండు తప్పు చేస్తే ఊరుకునే గుణం అది. దాని సంగతి నాకు తెలియదా? తెలుసు. కిందటి నెలలోనే ఇద్దరు కొత్తవాళ్ళకు బోర్డు మీద రాసి మరీ జాగ్రత్తలు చెప్పాను. చెప్పేటందుకే నీతులున్నాయని ఊరికే అనలేదు.

ల్యాబువాళ్ళు డబ్బాకు ఒకటి చొప్పున రెండు ఫైళ్ళు పంపారు. నేను ఒకటే చదివించాను. రెండో డబ్బాలోని ఇరవై నాలుగు ఊళ్ళకూ మొదటి డబ్బా ఊళ్ళ నీళ్ళు పోసేసింది నా లెక్క. జాబితా అచ్చుకిచ్చినప్పుడు ఊళ్ళ పేర్లే ఇచ్చాను. పక్కన అంకెలు పెట్టి ఒక్కసారి చదివి ఉన్నా అన్నీ జంటలు జంటలుగా కనబడేవి. నేను చదవలేదు, నాకు నేనంటే అంత నమ్మకం మరి.

రెండో ఫైలు తెరిచాను. ముప్పై ఒకటో సీసా, గుండ్లబాయి బోరు, ఐదు పాయింట్ ఆరు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గోడకు తల ఆనించి కూర్చున్నాను. బాపు నా వైపు చూడకుండా మళ్ళీ ముళ్ళు వేస్తూ, "ముడి తప్పు పడితే ఇప్పి మల్ల కడ్తరు. ఏడుస్తె ఊడదు," అన్నాడు.

లేచి లింగస్వామికి ఫోన్ చేశాను. "అన్నా, తప్పు నాది. మీది ఐదు పాయింట్ ఆరు."

"మరి మాకు రాసిన పాయింట్ నాలుగు ఎవలది మేడం?" అన్నాడు.

ముప్పై ఒకటిలోంచి ఇరవై నాలుగు తీస్తే ఏడు. "నందికొండ కాలనీ నల్లాది."

లింగస్వామి నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "అంటే, కాగితం మీదనన్న మా ఊరికి కృష్ణ నీళ్ళొచ్చినయ్." ఆ నవ్వు వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

సోమవారం పొద్దున్నే మా ఆఫీసు నడిపే కృష్ణయ్య సార్ ముందు కొత్త జాబితా పెట్టాను. పాత పన్నెండులో నాలుగు ఊళ్ళు దిగిపోవాలి, వాటి నీళ్ళు నిజానికి ఒకటిన్నర లోపే ఉన్నాయి. కొత్తగా నాలుగు ఎక్కాలి. ఎక్కే నాలుగింటిలో అన్నిటికంటే పైన గుండ్లబాయి.

సార్ మంచివాడే గానీ పిరికివాడు. "మంజులా, జర నిమ్మళంగ ఆలోచించు. జాబితా పోయింది. ఆ నాలుగు ఊర్లకు ట్రస్టోళ్ళు ఫోన్లు గూడ చేసిన్రు. ఇప్పుడు తప్పన్నమంటే ఆఫీసు ఇజ్జత్ ఏంగాను? వచ్చే ఏడు ఇంకో పన్నెండు ఇస్తరు, అప్పుడు గుండ్లబాయిని ఫస్టు పెడ్దాం."

"వచ్చే ఏటికి లింగస్వామి బిడ్డ ఏడాది పొడుగునా ఆ నీళ్ళు తాగుతది సార్. దాని అసలు పండ్లు ఇప్పుడే చిగుళ్ళల్ల తయారైతున్నయ్. ఎముకలు గూడ. అవి మన కోసం ఆగుతయా?"

"నీ నౌకరికి గూడ..."

"ఇజ్జత్ పోతే నాది పోతది. తప్పు చేసింది మంజుల అని నేనే సంతకం పెట్టి ఇస్త. మీరు నన్ను ట్రస్టోళ్ళ కాడికి తీస్కపోతే చాలు. తీస్కపోకుంటే నేనే బస్సెక్కి పోత."

తీసుకెళ్ళాడు. మర్నాడు నల్లగొండలోనే ఒక హోటల్ గదిలో మీటింగు. లింగస్వామినీ రమ్మన్నాను. ట్రస్టు తరఫున ఒక పెద్దావిడ, పక్కన ఇద్దరు. ఆవిడ నా ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

"మొన్న కూడా మీరు ఇంతే గట్టిగా చెప్పారట కదమ్మా. ఇవాళ్టి జాబితాను ఎలా నమ్మమంటారు?"

అడగాల్సిన ప్రశ్నే. "మొన్న చూడకుండ గట్టిగ చెప్పిన మేడం. ఇయ్యాల చూసి గట్టిగ చెప్తున్న. నన్ను నమ్మొద్దు, మీరే చూడుండ్రి," అని బాపు కోసిన రెండు ముక్కల్నీ ఆవిడ చేతికిచ్చాను. వెలుతురుకు పట్టమన్నాను. తర్వాత కొత్త బొమ్మ ఇచ్చి, దాన్నీ అట్లాగే కోసి చూడమన్నాను. ఆవిడ నిజంగానే కత్తెర తెప్పించింది. కొత్త ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడితే ఏ గీతా ఏ గీతతోనూ కలవలేదు.

అప్పుడు లింగస్వామి సంచిలోంచి అరలీటరు సీసా తీసి బల్ల మధ్యలో పెట్టాడు. "గుండ్లబాయి బోరు నీళ్ళు మేడం. మొన్నటి కాగితం కరెక్టన్నోళ్ళు తాగుండ్రి."

ట్రస్టువాళ్ళ ముందు ముగ్గురికీ మూడు కొన్న నీళ్ళ సీసాలున్నాయి. ఎవరూ లింగస్వామి సీసా మూత తీయలేదు. కృష్ణయ్య సార్ తల వంచుకున్నాడు.

"నేను తాగిన," అన్నాను. "శుక్రవారం నాడు, మొన్నటి కాగితం నమ్మి."

పెద్దావిడ కాసేపు ఆ సీసానే చూసి, పాత జాబితా మీద అడ్డంగా గీత కొట్టి, కొత్తదాని మీద సంతకం పెట్టింది.

దిగిపోయిన నాలుగు ఊళ్ళకు నేనే వెళ్ళాను. మీ నీళ్ళు మంచివని చెప్పడానికి వెళ్ళి ఎవరైనా తిట్లు తింటారా? నేను తిన్నాను. ఒక ఊళ్ళో భీమయ్య అనే పెద్దమనిషి, యంత్రం కోసం జాగా కూడా చదును చేయించాడట, గంటసేపు నిలబెట్టి కడిగేశాడు. నిలబడి విన్నాను. చివరకు ఆయనే చాయ్ పోయించి పంపాడు.

మా ఆఫీసులో అప్పటి నుంచి ప్రతి లెక్క మొదట్లో ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. ఊళ్ళెన్ని, అంకెలెన్ని అని ఎంచుతుంది. రెండూ కలవకపోతే, సగమైనా పావైనా సరే, అక్కడే ఆపేస్తుంది. దాని పేరు గుండ్లబాయి. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం పేరని అడుగుతారు. కూర్చోబెట్టి ఈ కథ మొత్తం చెబుతాను. ఆర్‌ను మాత్రం తిట్టనివ్వను. అది ఇచ్చినంత తీసుకుంది, ఇచ్చింది నేను.

గుండ్లబాయిలో యంత్రం మొదలుపెట్టిన రోజు లింగస్వామి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. గోవిందమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నిజంగానే మెడ లేవదు. నేను నిలబడితే ఆమెకు నా చెప్పులే కనబడతాయి. అందుకని ఆమె ముందు నేల మీద కూర్చుని కింద నుంచి ముఖం చూపించాను.

"మా బోరు నీళ్ళు తాగినవంట గద బిడ్డా నువ్వు," అంది.

"తాగిన అమ్మా."

"ఎందుకు తాగినవే, పిచ్చిదానా?"

"లెక్క మీద నమ్మకంతోని తాగిన."

గోవిందమ్మ వంగిన మెడతోనే నవ్వింది. "నువ్వు నమ్మి తాగినవ్. మేము ఎరుకుండే తాగినం బిడ్డా. గొంతెండి దూపైతే ఏం జేస్తం?"

ఆమె పక్కనున్న కొత్త క్యానులోంచి గ్లాసు నింపింది. చెయ్యి పూర్తిగా చాపలేక గ్లాసును నేల మీదే నా వైపు జరిపింది. అందుకోబోతుంటే లింగస్వామి బిడ్డ మనీష ఎక్కడి నుంచో ఉరికొచ్చి, "నాకు, నాకు!" అని గ్లాసు లాక్కుని, సగం ఒలకబోసుకుని సగం తాగేసింది. గోవిందమ్మ ఇంకో గ్లాసు నింపి, ఈసారి దాన్ని గట్టిగా పట్టుకోమని నాకు చెప్పింది.